ముందు వరసలో నవ్విన మనిషి

వీడియో నిడివి నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ఇన్‌స్పెక్టర్ స్వామిదాసు దాన్ని మూడోసారి పెట్టాడు.

"జర మంచిగ చూడు భూపాలన్నా. ఈ ముందు సోఫాల ఊగి ఊగి నవ్వుతున్నది ఎవరు?"

భూపాల్ చూడలేదు. చూడాల్సిన పని లేదు. తెల్లారేసరికే ఆ వీడియో చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది. తాగుబోతు వేషంలో ఉన్న కుర్మయ్య స్టేజి మీద మోకాళ్ళపై కూలబడతాడు. నోట్లోంచి నురగ కారుతుంది. కాళ్ళు టపటపా కొట్టుకుంటాయి. హాల్లో మూడు వందల మంది పడీ పడీ నవ్వుతుంటారు. అందరికంటే గట్టిగా నవ్వింది ముఖ్య అతిథి, మొయినాబాద్ డిటెక్టివ్ భూపాల్ గారు. ఒకచోట చప్పట్లు కూడా కొట్టారు వారు.

పద్దెనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం, ఆరేళ్ళు సొంత ఏజెన్సీ. ఇంతా చేసి, కళ్ళ ముందు మనిషి ప్రాణం పోతుంటే అది నటన అనుకున్నాడు. తలుచుకున్నప్పుడల్లా చెవులు వేడెక్కుతున్నాయి. రాత్రి ఇంటికెళ్ళి తల్లి రాములమ్మ మొహం కూడా చూడలేకపోయాడు. సన్మానం శాలువా, పండ్లు, పాన్ పొట్లం ఉన్న సంచీ ఆమె మంచం మీద పెట్టి, "ఆట ఎట్లున్నది బిడ్డా?" అని అడుగుతుంటే జవాబివ్వకుండా లోపలికి పోయాడు.

"నిన్ను ఇక్కడికెవరు పిలిచిన్రు?" అన్నాడు స్వామిదాసు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్‌లో ఎస్సైలు. ఒకరి కేసు ఒకరు లాక్కున్న రోజులు ఇద్దరూ మర్చిపోలేదు. "ముఖం చెల్లక వచ్చినవు. అంతే గద?"

"అవును, అందుకే వచ్చిన" అన్నాడు భూపాల్. "జర స్టేజి చూడనియ్యి."

సోమవారం ఉదయం పదకొండు గంటలు. చేవెళ్లలో ఆ ఫంక్షన్ హాలు నిన్న సాయంత్రం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. 'సోయి లేని వియ్యంకుడు' నాటకం ఫ్లెక్సీ గాలికి ఊగుతోంది. కుర్మయ్య దవాఖానలో ఉన్నాడు, ప్రాణం మాత్రం మిగిలి ఉంది. ఏదో పురుగుల మందు కడుపులోకి పోయిందని డాక్టరు తేల్చాడు. పోలీసులు తెచ్చిన డబ్బా చూసి దానికి విరుగుడు ఇస్తున్నారు, పనిచేయడం లేదు. అసలు ఏ మందో సాయంత్రంలోపు తెలియకపోతే ఆశ వదులుకోవాల్సిందేనని పొద్దున తొమ్మిదింటికి భూపాల్‌తో కూడా చెప్పాడు.

ఆ డబ్బా దొరికింది ప్రమీలమ్మ ఇంట్లో. ఆమె నాటక బృందానికి బట్టలూ సామానూ చూసుకునే మనిషి. యాభై దాటినావిడ. మహిళా కానిస్టేబుల్ పక్కన, కొంగు మొహం నిండా కప్పుకుని, స్టేజి మెట్ల మీద కూర్చుంది. నిన్నటి పని ఎలా చేసిందో చేసి చూపించమని స్వామిదాసు ఆమెను జీపులో బజారు మధ్యలోంచి తెచ్చాడు.

"కేసు సాఫ్" అన్నాడు స్వామిదాసు. "నాటకంల కుర్మయ్య సీసలకెళ్ళి తాగుతడు. ఆ సీసల బెల్లం నీళ్ళు నింపింది ఈమె. పోయిన వారం పంచె చినిగిందని కుర్మయ్య అందరి ముంగట ఈమెను తిట్టిండు. ఇంట్ల మందు డబ్బ దొరికింది. ఇంకేం కావాలె?"

"చేవెళ్లల గులాబీ తోట ఉన్న ఏ ఇంట్ల దొరకదు ఆ డబ్బ?" అన్నాడు భూపాల్.

"అందరి ఇండ్లల్ల సీస నింపలే గద."

భూపాల్ మెట్లెక్కాడు. స్టేజి మీద రెండు కుర్చీలు, ఒక టీపాయ్, కుర్మయ్య పడ్డచోట సుద్దగీత. సీసా పోలీసులు తీసుకెళ్ళారు. అది దొర్లిన చోట బెల్లం నీళ్ళు ఎండి, అరచేతి వెడల్పున మరక కట్టింది. ఆ మరక నుంచి తెర వెనక్కి ఓ సన్నని నల్లగీత కదులుతోంది. భూపాల్ బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసి, రెండు నిమిషాలు కదలకుండా చూశాడు.

"ఏం చేస్తున్నవు? దండం పెడుతున్నవా?"

"చీమలు. నిన్న ఏడింటి నుంచి ఇయ్యాల పదకొండు దాక మోస్తున్నయి. వీటిల్ల సచ్చిన చీమను ఒక్కదాన్ని చూపియ్యి స్వామిదాసూ, నేను ఇప్పుడే ఎల్లిపోత."

స్వామిదాసు వంగి చూశాడు. చీమలు హాయిగా తమ పని తాము చేసుకుంటున్నాయి.

"కోర్టుకు చీమలను సాక్ష్యానికి పిలుస్తవా?" అన్నాడు, గొంతులో మునుపటి ధాటి లేకుండా.

"చీమలు వద్దు. వెనక స్టాండ్ మీద బృందపోళ్ళ కెమెరా ఉండె. మొత్తం ఆట అండ్ల ఉన్నది. నువ్వు ఆఖరి నాలుగు నిమిషాలే చూసినవు, నేను నవ్వింది చూసేందుకు. మొదటికెళ్ళి చూడు. ఆరూ ఇరవై అయిదుకు తెర లేచింది. ఆరూ నలభై ఒకటికి కుర్మయ్య మొదటిసారి తడబడ్డడు, చెమట తుడుసుకున్నడు. మాకు అది మస్తు నవ్వొచ్చింది. సీస మూత తీసింది ఆరూ యాభై రెండుకు. పదకొండు నిమిషాలు స్వామిదాసూ. తాగకముందే మనిషికి మందు ఎక్కింది."

స్వామిదాసు తన ఫోన్‌లో కాపీ చేసుకున్న పూర్తి వీడియోను మొదటికి జరిపాడు. చూశాడు. మళ్ళీ చూశాడు.

భూపాల్ వచ్చి ప్రమీలమ్మకు రెండు మెట్ల కింద కూర్చున్నాడు.

"అక్కా, తెర లేచేకంటే ముందు కుర్మయ్య ఏం తిన్నడు?"

"ఏం తినడన్నా. ఆట ఉన్ననాడు నీళ్ళు సుత ముట్టడు" అంది ఆమె కొంగులోంచే. "పాన్ ఒక్కటే. రంగపూజ అయినంక అందరికి పాన్ పెడుతం. నమిలి ఉమ్మేసి స్టేజి ఎక్కాలె. కుర్మయ్య ఉమ్మడు. దవడల పెట్టుకుంటడు. గట్లుంటెనే తాగినోని మాట మంచిగొస్తదంటడు."

దవడలో పాన్. భూపాల్ చెయ్యి అతనికి తెలియకుండానే ప్యాంటుకు రాసుకుంది. నిన్నటి తడి ఇంకా ఆ అరచేతిలో ఉన్నట్టే అనిపించింది.

నిన్న ఆరూ యాభై అయిదుకు కుర్మయ్య తూలుకుంటూ స్టేజి దిగాడు. నాటకంలో లేని ముక్క అది. ప్రతి ఆటలోనూ ఓ కొత్త ముక్క కలపడం కుర్మయ్య అలవాటు. అప్పుడు ఎవరూ అడ్డు పోకూడదని బృందం నియమం. తిన్నగా ముందు సోఫా దగ్గరికొచ్చి, భూపాల్ చెయ్యి పట్టుకుని, నోట్లోంచి ఎర్రటి ముద్ద తీసి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసేశాడు. "అన్నా... జర చూడే అన్నా..." అన్నాడు. హాలు దద్దరిల్లిపోయింది. భూపాల్ కూడా నవ్వి, అతని భుజం తట్టి, "పో తమ్మీ, ఆట నడిపియ్యి" అని స్టేజి మీదికి తోశాడు. మూడు నిమిషాల తర్వాత కుర్మయ్య పడిపోయాడు.

ఆ ముద్ద ఏమైంది? మూడు వందల మంది చూస్తుండగా ఎంగిలి పాన్ పట్టుకుని కూర్చోవడం నామోషీ అనిపించి, దాన్ని గుట్టుగా సోఫా సందులోకి తోసేశాడు. వీడియో వెనక నుంచి తీసింది. ఆ చెయ్యి ఎవరికీ కనపడలేదు.

ఇప్పుడు చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. మధ్యాహ్నం ఒక్కడే వచ్చి తీసుకుని, తనే కనిపెట్టినట్టు దవాఖానకు పంపవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. మెట్ల మీద ప్రమీలమ్మ కొంగు కింద ముక్కు చీదుకుంటోంది.

"స్వామిదాసూ, ఇటురా. నేను ఒకటి దాసిపెట్టిన" అన్నాడు.

మెరూన్ రంగు సోఫా దిండు ఎత్తి, సందులోంచి కాగితంతో ఆ ముద్దను బయటికి లాగాడు. దాని చుట్టూ ఏడెనిమిది చీమలున్నాయి. ఒక్కటీ కదలడం లేదు. నమిలిన ఆకుల మధ్య వెండిరేకు మిలమిలా మెరుస్తోంది.

"కుర్మయ్య నా చేతుల పెట్టిండు" అన్నాడు భూపాల్. "బతికియ్యమని పెట్టిండు. నేను నవ్వి, దీన్ని సోఫాల దాసి, వాన్ని మళ్ళ స్టేజి మీదికి నూకిన."

స్వామిదాసు ఎగతాళి చేస్తాడనుకున్నాడు. చెయ్యలేదు. కానిస్టేబుల్‌ను పిలిచి, సగం ముద్ద సీలు చేయించుకుని, సగం దవాఖానకు పరుగున పంపించాడు. ఎగతాళి చేసి ఉంటే భూపాల్‌కు కొంచెం తేలికగా ఉండేది.

ప్రమీలమ్మ లేచి దగ్గరికొచ్చింది. మొదటిసారి కొంగు మొహం మీంచి జారింది.

"ఇది కుర్మయ్యది కాదన్నా. మా ఆర్టిస్టులకు ఉట్టి పాన్, లవంగం గుచ్చి ఇస్తం. వెండి వరఖు చుట్టింది అతిథులకే."

"నిన్న ఎంతమంది అతిథులు?" అన్నాడు స్వామిదాసు.

ఆమె భూపాల్ వంక చూసింది. "ఈ అన్న ఒక్కడే సార్."

భూపాల్ సోఫా చేతి మీద కూలబడ్డాడు.

"నాకు దవడపన్ను తీసిన్రు. పాన్ తినొద్దన్నడు డాక్టరు" అన్నాడు మెల్లగా. "పూజల ఇచ్చింది వద్దంటే మర్యాద కాదని చేతిలకు తీసుకున్న. పరమేశ్వర్ సేటు అటు తిరగంగనే పక్కనున్న కుర్మయ్యకు ఇచ్చిన, నువ్వు తిను తమ్మీ అని. ఆరూ పది అయింది అప్పుడు. వాడెంత మురిసిండో! ఇరవై ఏండ్లల్ల మాకెన్నడు వరఖు పాన్ పెట్టలేదన్నా అన్నడు."

"అంటే మందు పెట్టింది..."

"నాకు. వాని నోట్లె పెట్టింది నేను."

స్వామిదాసు టోపీ తీసి తల గోక్కున్నాడు. "పాన్లు ఎవరు కట్టిన్రమ్మా?"

"ఎప్పుడు నేనే కడుత సార్. ఈ పాలి పరమేశ్వర్ సేటు నన్ను ముట్టనియ్యలే. అతిథి పాన్ నా చేతులతోనే కడుత అన్నడు."

పరమేశ్వర్ అంటే చేవెళ్లలో బట్టల దుకాణం ఉన్న సేటు. నాటక బృందానికి పెద్ద, దర్శకుడు. ముఖ్య అతిథిగా రమ్మని స్వయంగా భూపాల్ ఇంటికొచ్చి, చేతులు పట్టుకుని అడిగిన మనిషి.

"నేనెవరినో ఆయనకు సరిగ్గ తెల్వదు. నా మీద ఆయనకేం పగ?" అన్నాడు భూపాల్.

"ఆయనకెవరి మీద పగ అన్నా? కొడుకు పోయినంక మనిషే చితికిపోయిండు. శ్యాంసుందర్ బాబు. ఈ తాగుబోతు వేషం మొదట ఆ బాబుదే. చుక్క ముట్టనోడు, కాని వేషమేస్తే తాగినోళ్ళే సిగ్గుపడాలె. పోయినేడు చిన్న మంగళారంల ఓ ఫామ్‌హౌస్ అరుగు మీద రిహార్సల్ చేసుకుంటుంటే, ఎవరో గోడ మీదికెళ్ళి ఫొటోలు తీసి పిల్ల ఇంటోళ్ళకు పంపిన్రు, రోజూ తాగుతడు అని. శంకర్‌పల్లి సంబంధం. లగ్గం తప్పింది. ఊరంత అదే ముచ్చట. నెల తిరగకముందే పిల్లగాడు పురుగుల మందు తాగి పాణం తీసుకున్నడు."

ఆ శంకర్‌పల్లి వాళ్ళు అబ్బాయి గురించి వాకబు చేయమన్నది భూపాల్ ఏజెన్సీనే.

రెండు సాయంత్రాలు. పద్నాలుగు ఫొటోలు. గోడ అవతల, మామిడిచెట్టు కింద, కారు పైకెక్కి తీశాడు. మాటలు వినపడలేదు. చేతిలో సీసా, తూలే నడక, చుట్టూ నవ్వే నలుగురు కనపడ్డారు, అంతే. అక్కడున్నవాళ్ళలో ఒక్కరిని అడిగినా తెలిసేది. దోమలు కుడుతున్నాయి, ఇంటికి పోవాలనిపించింది. 'నిత్యం తాగే అలవాటు ఉన్నది' అని ఒక్క వాక్యం రాసి పంపించాడు. ఆ తర్వాత ఆ పేరు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. నిన్న అదే వేషం కళ్ళ ముందు ఆడుతుంటే కూడా రాలేదు. నటనను నిజమనుకుని ఒకణ్ణి చంపాడు, నిజాన్ని నటన అనుకుని ఇంకొకణ్ణి చావుకు తోశాడు.

"ఏమైందే?" అన్నాడు స్వామిదాసు, అతని మొహం చూసి.

భూపాల్ చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోగా ప్రమీలమ్మే అంది:

"మరి రెండో పాన్ ఏం చేసినవన్నా?"

"రెండోదేంది?"

"అతిథికి ఒంటి పాన్ ఇయ్యం. జోడు ఇస్తం. ఒకటి నోటికి, ఒకటి ఇంటికి. ఇంట్ల ఆడోళ్ళకని పసుపు దారం కట్టి శాలువ సంచిల పెడుతం."

భూపాల్ లేచి నిలబడ్డాడు. గోడ గడియారంలో పన్నెండూ పది. రాములమ్మ పన్నెండింటికి అన్నం తింటుంది. పళ్ళు లేవు గనక పాన్‌ను చిన్న ఇత్తడి రోట్లో దంచుకుని వేసుకుంటుంది. పాన్ ఉందంటే ఆమె సాయంత్రం దాకా ఆగే మనిషి కాదు.

"స్వామిదాసూ, పరమేశ్వర్ ఏడున్నడు?"

"పొద్దున దవాఖానల ఉండె. పదింటికి ఎల్లిపోయిండన్నరు."

భూపాల్ ఇంటికి ఫోన్ కలిపాడు. తొందరలో స్పీకర్ కూడా నొక్కుకుంది. ఆరోసారి మోగాక ఎత్తింది.

"అవ్వా! అన్నం తిన్నవా?"

"తిన్న బిడ్డా. నువ్వేడున్నవ్? మంచి చెడ్డ అడిగిపోదామని నీ దోస్తు వచ్చిండు. మస్తు మంచోడు."

ఆమె మాటల వెనక ఏదో చప్పుడు. టక్, టక్, టక్. ఇత్తడి మీద ఇత్తడి.

"అవ్వా, గా చప్పుడేంది?"

"పాన్ దంచుతున్నడు బిడ్డా. నాకు చేతులు నొస్తున్నయంటే, నేను దంచి పెడుత అవ్వా అని ఆయన కూసున్నడు. చేవెళ్ల సేటట గద."

"అవ్వా, ఆ పాన్..."

చప్పుడు ఆగింది. ఫోన్ చేతులు మారింది.

"సార్" అన్నాడు పరమేశ్వర్. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "కుర్మయ్యకెందుకు ఇచ్చిన్రు సార్? ఇరవై ఏండ్ల దోస్తు నాకు. నా చేతులతోని నా దోస్తును చంపుకునేటట్టు చేసిన్రు గద."

"సేటూ, తప్పు నాది. మా అవ్వకు ఏం తెల్వదు."

"మా ఇంట్ల ఆడామెకు ఏం తెలుసు సార్? ఆమె సుత కొడుకునే కన్నది." కాస్త ఆగాడు. "స్పీకర్ పెట్టిన. అవ్వ ఇంటున్నది. నా కొడుకు ఎసుమంటోడో మీరు కాగితం మీద రాసిన్రు. ఇప్పుడు నోటితోని చెప్పున్రి. మీ అవ్వ ముంగట చెప్పున్రి."

స్వామిదాసు అప్పటికే పక్కకు జరిగి, ఇంకో ఫోన్‌లో గుసగుసగా మొయినాబాద్ స్టేషన్‌కు ఇంటి గుర్తులు చెబుతున్నాడు. మాట్లాడించు, మాట్లాడించు అని చేత్తో సైగ చేశాడు. ప్రమీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భూపాల్‌నే చూస్తోంది. ఆ ఫొటోలు తీసిందెవరో ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆ చూపును తట్టుకోవడం వీడియో చూడడం కంటే కష్టంగా ఉంది.

"శ్యాంసుందర్ తాగుబోతు కాదు" అన్నాడు భూపాల్. గట్టిగా మళ్ళీ అన్నాడు. "తాగుబోతు కాదు. నాటకం ఆడుతుండె. నేను ఒక్కరిని సుత అడగలే. దూరంకెళ్ళి చూసి అబద్ధం రాసిన. ఆ పిల్లగాడు నా రాతతోనే పోయిండు."

అవతల ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం వస్తోంది. తర్వాత రాములమ్మ గొంతు, ఫోన్‌కు దూరంగా, చిన్నగా వచ్చింది.

"ఇప్పటిదాక ఈయన చెప్పిన గా ఫొటోలు దీసింది నువ్వేనా బిడ్డా?"

యాభై రెండేళ్ళ భూపాల్ తల్లితో ఎన్నో అబద్ధాలు ఆడాడు. ఇది కూడా ఆడాలని నోటిదాకా వచ్చింది.

"నేనే అవ్వా."

అవతల ఇత్తడి రోలు నేల మీద జరిగిన చప్పుడైంది.

"అవ్వా, ఆ పాన్ ముట్టకు! అండ్ల మందున్నది అవ్వా! ఇంటున్నవా?" అని అరిచాడు భూపాల్.

తల్లి పలకలేదు. టక్, టక్ అని రోలు చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి ఆగి ఆగి, నొప్పి చేతులు దంచుతున్నట్టు.